గుర్రపుచేప మీద అసూయపడ్డ రాజకుమారుడు

అనగనగా ఏడు కోటలున్న ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సుధన్వుడు గుర్రమెక్కితే ఊరంతా మేడలెక్కి చూసేది. చిన్నవాడు కువలయుడు పాటెత్తుకుంటే ఉయ్యాల్లో పిల్లలు ఏడుపు మానేవాళ్ళు. నడిమివాడు మణిభద్రుణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. అన్నను పొగిడితే వాడికి కడుపుమంట. తమ్ముణ్ణి పొగిడితే ఇంకా మంట. ఒక్కరంటే ఒక్కరి కళ్ళకైనా తానే మొదట కనబడాలి, అదొక్కటే వాడి కోరిక.

ఏడు సముద్రాల అవతల మొగరాజ్యం ఉంది. మొగ అంటే ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఆ రాజ్యాన్ని కంకాళుడనే మాంత్రికుడు కాజేసి, రాకుమారి తరళను కోట దాటనివ్వకుండా బంధించాడని కబురొచ్చింది. ఆమెను విడిపించడానికి అన్న వెళ్ళాడు, తిరిగి రాలేదు. తమ్ముడు వెళ్ళాడు, తిరిగి రాలేదు.

"ఇద్దర్లో ఎవడో ఆమెను పెళ్ళాడేసి ఉంటాడు! నాకు కబురైనా పెట్టలేదు చూశావా!" అని మణిభద్రుడు ఉడికిపోతూ బయల్దేరాడు. దారిలో వలలో చిక్కిన ఒక ముసలి తాబేలును విడిపిస్తే, అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ ఈదింది.

మొగ ఒడ్డున రెండు కొత్త మడచెట్లు కనిపించాయి. ఒకదాని కొమ్మకు అన్న కత్తి, ఇంకోదాని కొమ్మకు తమ్ముడి వీణ వేలాడుతున్నాయి. మణిభద్రుడు పరుగున వెళ్ళి వాటిని తడిమి చూశాడు.

"వాళ్ళే! ఇచ్చిన పని చెయ్యలేక చెట్లయ్యారు," అని కోట మీంచి కంకాళుడు నవ్వాడు. "నీకూ మూడు పనులు చెబుతా. మూడూ చేస్తే పిల్లనీ ఇస్తా, వీళ్ళనీ ఇస్తా. ఒక్కటి తప్పినా నువ్వు మూడో చెట్టువి!"

మొదటి పని, మొగలో కలిసిన ఉప్పునీళ్ళనూ తీపినీళ్ళనూ రెండు కుండల్లో విడివిడిగా తేవాలి.

"ఇంతేగా నాయనా," అంది తాబేలు. "తీపినీరు తేలిక, పైన పారుతుంది. ఉప్పునీరు బరువు, అడుగున ఉంటుంది. పైన నువ్వు ముంచు, అడుగున నేను ముంచుతా." అలా మొదటి పని అయింది.

రెండో పని, గుర్రం మొహమూ కోతి తోకా ఉండి, తండ్రే పిల్లల్ని కనే ప్రాణి ఏదో చెప్పాలి. తాబేలుకూ తెలియలేదు. తెల్లారగానే మణిభద్రుడు తరళను వెతుక్కుంటూ కోట మెట్లను తాకే నీళ్ళ అంచుకు వెళ్ళాడు. ఎంత అందమో ఆమెది! కానీ ఆమె తల తిప్పలేదు. నీళ్ళలో, గడ్డి మధ్య, బొటనవేలంత చేపలు రెండు తోకలు పెనవేసుకుని గుండ్రంగా తిరుగుతున్నాయి. బురదరంగున్నవి కాస్తా బంగారురంగుకు మారుతున్నాయి. వాటిని చూసి తరళ నవ్వుతోంది.

"ఏమిటవి?" అన్నాడు మణిభద్రుడు మూతి ముడుచుకుని.

"గుర్రపుచేపలు. రోజూ పొద్దున్నే ఆవిడ వచ్చి ఆయన్ని ఇలా పలకరించి వెళుతుంది. ఆవిడ గుడ్లు ఆయన పొట్టసంచిలో పెడుతుంది. మోసేదీ కనేదీ ఆయనే."

రెండో పనీ అయింది. కానీ వాడి ఒళ్ళంతా ఒకటే మంట. "ఇంత దూరం వచ్చిన నన్ను వదిలి, గడ్డి పట్టుకు వేలాడే చేపను చూసి మురిసిపోతుందా!"

మూడో పని చెప్పాడు కంకాళుడు. "ఆ తండ్రిని పట్టి రేపు సాయంత్రానికి తెచ్చియ్యి. గుర్రపుచేపల్ని ఎండబెట్టి, పొడి చేసుకు తింటే నా యవ్వనం నిలుస్తుంది. వందల జోళ్ళు తినేశా, ఇదే ఆఖరిది."

ఇంకొకడైతే వెనకాడేవాడు. మణిభద్రుడు మాత్రం, ఆ చేప లేకపోతే ఇక తరళ నన్నే చూస్తుంది కదా అనుకున్నాడు. మర్నాడు పొద్దున జోడు ఆడుతుండగానే కుండ ముంచాడు. పాపం, దానికి గబగబా ఈదడం రాదు. దొరికిపోయింది.

ఆడచేప ఒక్కతే అక్కడే చుట్టూ తిరిగింది. గడ్డిపరకను తోకతో పట్టుకుని ఆగింది. మళ్ళీ తిరిగింది. బంగారురంగు పోయి బురదరంగైపోయింది.

"ఏం పని చేశావయ్యా!" అంది తరళ ఏడుస్తూ. "మా నాన్నగారి కాలంలో, జోడు ఆట ముగిసేదాకా ఎవరూ వల విసిరేవాళ్ళు కాదు. అది రేపూ వస్తుంది. ఎల్లుండీ వస్తుంది. ఎవరు జవాబు చెబుతారు?"

మణిభద్రుడికి ఇప్పుడూ అసూయే కలిగింది, కానీ అది వేరే అసూయ. "నా కోసం ఇలా ఎదురుచూసేవాళ్ళు ఒక్కరున్నారా?" అనుకుని కుండలోకి చూశాడు. తండ్రిచేప ముడుచుకుంటూ సాగుతూ పిల్లల్ని కంటున్నాడు. నువ్వుగింజలంత పిల్లలు, పట్టుకోవడానికి గడ్డిపరక లేక ఒకదాని తోక ఒకటి పట్టుకుంటున్నాయి.

"అన్నా, తమ్ముడూ, క్షమించండి. నేనూ మీ పక్కనే నిలబడతా," అని మణిభద్రుడు కుండను ఏట్లో వంచేశాడు. ఆ క్షణమే వాడి కాలివేళ్ళు వేళ్ళూని బురదలోకి దిగడం మొదలెట్టాయి.

అప్పుడు తండ్రిచేప మాట్లాడాడు. "రాకుమారా, నా కళ్ళు రెండూ రెండు వైపులు చూస్తాయి. ఒకటి మా ఆవిడ మీద, రెండోది ఆ కోట మీద. కంకాళుడు పూటపూటా బురుజు మీది చిలకను తడిమి చూసుకుంటాడు. వాడి గుట్టు అక్కడే ఉంది, పరిగెత్తు!"

మణిభద్రుడు కాళ్ళకు మొలిచిన చెట్టువేళ్ళు తెంపుకుని, కుంటుకుంటూ బురుజెక్కాడు. పంజరంలో చిలక కస్సుమంది.

"నువ్వూ ఆ చేపల సంగతి చెప్పడానికే వచ్చావా? వాటి పేరెత్తితే నాకు ఒళ్ళు మంట! రోజూ ఇక్కణ్ణించి వాటి సరసం చూడలేక చస్తున్నా."

"నాకు మాత్రం మంట లేదా ఏమిటి?"

"నీకూనా!" చిలక దగ్గరికి జరిగింది. "వాటికి జోడుంది. నాకేదీ? నేను ఏడు సముద్రాలు దాటితే కంకాళుడు ఎండిపోతాడు. వాడి ప్రాణం నాలో ఉంది. అందుకే ఈ చెర."

"అయితే అసూయపడుతూ కూచోకు. పోయి నీ జోడును వెతుక్కో," అని మణిభద్రుడు పంజరం తలుపు తీశాడు.

చిలక రివ్వున ఎగిరింది. కంకాళుడు పరిగెత్తుకొచ్చి, "నన్నొదిలి ఎవరి దగ్గరికే!" అని గుండెలు బాదుకున్నాడు. చిలక మొదటి సముద్రం దాటితే వాడి చర్మం ముడతలు పడింది. మూడోది దాటితే నడుం వంగింది. ఏడోది దాటేసరికి వాడు ఎండుచేపలా చప్పుడు చేస్తూ కింద పడ్డాడు.

మడచెట్లు మళ్ళీ అన్నా తమ్ముడూ అయ్యాయి. "ఒరే, మమ్మల్ని విడిపించింది నువ్వట్రా!" అని ఇద్దరూ వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. తరళకూ మణిభద్రుడికీ పెళ్ళి జరిగింది. ఏట్లో గడ్డి పీకరాదనీ, గుర్రపుచేప వలలో పడితే తిరిగి నీళ్ళలో వదలాలనీ కొత్త రాజు మణిభద్రుడు చాటింపు వేయించాడు. ఒక్క జోడు పది జోళ్ళయింది, పది వందయ్యాయి.

పెళ్ళయినా తరళ పొద్దున్నే ఏటికి వెళ్ళడం మానలేదు. "ఇంకా వాటినేనా చూసేది?" అని రాజుగారు గొణిగారు.

"అవి పొద్దున్నే లేచి పలకరించుకుంటాయి మరి. మీరు బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటారు," అంది తరళ.

మర్నాడు గుర్రపుచేపలకన్నా ముందు రాజుగారు లేచి, ఆమె ఎదురుగా నిలబడ్డారు. తరళ ఆయన్ని చూసి నవ్వింది. అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు, ఒక్క పొద్దు తప్పలేదు.

ఇదిగో పిల్లలూ, కథను ఏట్లో వదిలేశా. తోక అందినవాళ్ళు పట్టుకోండి.