చారలమ్మ చెప్పేసిన అంకె

అనగనగా ఒక అడవిలో చారలమ్మ అనే ఉడుత ఉండేది. ఎంత మంచిదో అంత మతిమరుపుది. తను పాతిపెట్టిన గింజలు తనకే దొరికేవి కావు! నవ్వకండి పిల్లలూ, ఉడుతలన్నీ అంతే.

ఆ అడవిలో జంతువులన్నీ చలికాలం, ఎండాకాలం సారపప్పు, రేగుపళ్లు ఏరి, ఎండబెట్టి, ఒకే గుహలో దాచుకునేవి. కాపలా ఎలుగుబంటి తాతది. తాతకు చూపు ఆనదు. అందుకని ఒక్కొక్కరి చెవిలో ఒక్కో అంకె చెప్పాడు. వానల్లో ఆ అంకె చెప్పినవారికే ఆ వాటా. చారలమ్మ అంకె ఎంత అంటారా? అమ్మో, నేను చెప్పను!

చారలమ్మకు బెంగ పట్టుకుంది. "మరిచిపోతే నా పిల్లలు పస్తులుంటారే!" అనుకుంటూ పక్క పొదలోని ముళ్లపంది దగ్గరికి వెళ్లింది.

"వదినా, నా అంకె కాస్త గుర్తుపెట్టుకోవా?"

"వద్దు తల్లీ, నాకు చెప్పకు!" అంది ముళ్లపంది చెవులు మూసుకుని. "గింజలంటే మరిచిపోతావు గానీ, పిల్లల తిండిని మరిచిపోతావా? నీ మనసులోనే ఉంచుకో."

చారలమ్మకు ధైర్యం చాలలేదు. దారిలో నక్క ఎదురైంది.

"దిగులుగా ఉన్నావేం అక్కా?" అని అడిగింది. సంగతి విని, "ఆ మాత్రం సాయం చేయనా? నా చెవిలో వెయ్యి. నీకు కావలసినప్పుడు చెప్తాను" అంది.

చారలమ్మ చెప్పేసింది. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయింది.

వానలు మొదలయ్యాయి. పిల్లలు ఆకలికి కిచకిచలాడాయి. చూస్తే, అంకె తనకే చక్కగా గుర్తుంది! చారలమ్మ గుహకు పరుగెత్తి తాతకు చెప్పింది.

"ఆ వాటా నిన్ననే పట్టుకుపోయారుగా!" అన్నాడు తాత.

"అయ్యో, ఉడుతను నేను తాతా!"

"నిన్న వచ్చినవాళ్లూ ఇలాగే సన్నని గొంతుతో ఉడుతనే అన్నారమ్మా. నాకు కళ్లు కనబడవు. నీ అంకే నాకు నీ ముఖం. దాన్ని ఎవరికిచ్చావు?"

"నక్కకు చెప్పాను తాతా!" అని చారలమ్మ లబోదిబోమంది. తాత మనసు కరిగింది. తన వాటాలోంచి గుప్పెడు పప్పు తీసి ఇచ్చాడు. చెవిలో కొత్త అంకె చెప్పాడు.

"ఇది వచ్చే ఏటికి. ఈ ఏటి వాటా మాత్రం తిరిగి రాదు. కాలు జారితే తీసుకోగలం గానీ, నోరు జారితే తీసుకోలేం తల్లీ" అన్నాడు.

ఇంటి దారిలో నక్క మూతి తుడుచుకుంటూ మళ్లీ వచ్చింది.

"కొత్త అంకె ఇచ్చాడటగా! మరిచిపోతావేమో, చెప్పక్కా."

చారలమ్మకు ఒళ్లు మండింది. "మరిచిపోతే తాతనే అడుగుతాను. నీకు మాత్రం చెప్పను!" అని గబగబా చెట్టెక్కింది.

గుప్పెడు పప్పూ పిల్లలకు పంచింది. తను పస్తు పడుకుంది.

నీతి: మన గుర్తింపు సంఖ్య అడిగిన ప్రతివారికీ చెప్పేది కాదు, సాయం చేస్తామంటూ అడిగేవారికి అసలే కాదు.