నాంచారి మెంతికుండ

అనగనగనగా, ఒక నేతగాళ్ళ పేటట. దుప్పటి లాక్కోకురా, ఊ కొట్టు. ఆ పేటలో అలివేలమ్మ అని ఒకావిడ, ఆవిడ కొడుకు భావనయ్య, కోడలు నాంచారి. కోటలో ఎవరి పెళ్ళయినా చీర ఆ ఇంటినుంచే వెళ్ళాలి.

అలాంటిది, పెద్ద రాకుమారి పెళ్ళికి చీర అందలేదట! పాపం, ఆ పిల్ల అరువు చీర కట్టుకుని పీటల మీద కూచుంది. రాజుగారికి ఒళ్ళు మండింది. చిన్నదాని పెళ్ళికీ ఇలాగే చేస్తే మగ్గం పీకించేస్తానన్నాడు. అలివేలమ్మ ఇంటికొచ్చి కొడుకు మీద విరుచుకుపడింది. నీ చేతులు పడిపోయాయా, నీ వల్లే తాతలనాటి పని పోతోందని ఒకటే తిట్లు. వాడు పిచ్చి మాలోకం. వేళ్ళు వాచిపోయేలా నేసేవాడు. అయినా చీర ఆలస్యమే.

అది చూసి నాంచారి ఊరుకోలేదు. ఏం చేసిందో తెలుసా? మామూలు చీర ఒకటి మొదలెట్టే రోజున చిన్న కుండలో మెంతులు చల్లింది. నూలు ఎక్కడికెళితే కుండ అక్కడికే. నూలు వెంట కుండ, కుండ వెంట నాంచారి! పేటంతా పకపకా నవ్వింది. నవ్వనీ, దానికేం?

నూలు ముందు రంగు వేయించడానికి రంగులాయన ఇంటికెళ్ళింది. రంగు పూటలో అయిపోయింది. కానీ పేటందరి నూలూ రంగుపడి దండెం నిండితేగానీ ఆయన ఎవరిదీ ఇవ్వడు, అదో ఆచారం. నూలు కూచుంది. మెంతులు మొలిచాయి, జానెడు ఎదిగాయి. తర్వాత నూలు మగ్గమెక్కింది. భావనయ్య నేసినన్నాళ్ళూ అవి పెరిగింది కాస్తే. చీర అయిపోయింది కదా, కోటకెళ్ళిందా? ఎక్కడ! ఊ కొడుతున్నారా, పడుకున్నారా? బండెడు చీరలు లేకుండా కోటకి బండి కడితే నామోషీ అని అలివేలమ్మ దాన్ని పెట్టెలో పెట్టింది. చీర కూచుంది. మెంతులు పూశాయి, కాశాయి, ఎండిపోయాయి.

నాంచారి ఆ ఎండిన కుండ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. అత్తయ్యా, రంగులాయన దండెం దగ్గర ఇది జానెడు ఎదిగింది, మీ అబ్బాయి చేతుల దగ్గర బెత్తెడే పెరిగింది, మన పెట్టె దగ్గర ముసలిదైపోయింది, మీరే చూసుకోండి అంది. అలివేలమ్మకి ఎంత రోషమొచ్చిందో! ఆ పూట అన్నం కూడా ముట్టలేదు. తెల్లారాక మాత్రం తనే చెంగు బిగించి రంగులాయన ఇంటికి పోయి, మా నూలు రంగు పడగానే ఇవ్వకపోతే ఈ గుమ్మం కదలనని కూచుంది. ఆవిడ కూచుంటే లేపేదెవరు? ఇచ్చేశాడు.

చిన్న రాకుమారి చీర మగ్గం దిగిందో లేదో, ఆ ఒక్క చీరకే బండి కట్టించింది అలివేలమ్మ. పేట నవ్వితే నవ్వనీ అంది. చీర పక్కన కొత్తగా చల్లిన మెంతికుండ. పెళ్ళికి ఇంకా రోజులుండగానే బండి కోటకి చేరింది. కుండలో కూర ఇంకా లేతగానే ఉంది. రాణిగారు దాన్ని పప్పులో వండించుకుని తిన్నారుట! మగ్గం నిలిచింది.

అలివేలమ్మ ఇంటికొచ్చి, కొడుకు చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాచిన వేళ్ళకి నూనె రాస్తూ భోరుమంది.

అందుకని చేతుల్ని తిట్టకండర్రా, పని ఎక్కడ కూచుందో చూడండి. ఒరే, నువ్వు అన్నం తినేది చిటికెలో. పళ్ళెం ముందుకి రావడానికే నీకు పొద్దుగూకుతుంది. ఇంకెప్పుడూ మీ అమ్మ వంట ఆలస్యమనకు. కథ కంచికి, చీర కోటకి, మీరు నిద్దట్లోకి.