ఆవంలో పచ్చి ఏనుగు

అనగనగా ఒక కొండవాలు. ఆ వాలు మీద ఏనుగులు నడిచి నడిచి చేసిన దారి. ఆ దారి చివర ఒక బడి. మరీ పసివాళ్ళ బడి కాదు, పెద్ద చదువుల బడీ కాదు. రెంటికీ నడిమి బడి.

ఆ బడిలో బొమ్మల తరగతి చెప్పేది ఎలుగమ్మ పంతులమ్మ. ఎలుగుబంటి కదా, ఆమె ఒళ్ళు బరువు, మనసు మెత్తన. తేనెపట్టులకు పొగ పెట్టి పెట్టి నిప్పుతో చనువు పెంచుకుంది కాబట్టి, బడి వెనక మట్టి బొమ్మలు కాల్చే చిన్న ఆవం కూడా కట్టుకుంది.

ఆ తరగతిలో తుర్రయ్య అని ఒక ముంగిస పిల్లవాడు. రావడమూ తుర్రుమనే, పోవడమూ తుర్రుమనే. తెలివికి లోటు లేదు, ఓపికకే కరువు. 'ఆలస్యం అమృతం విషం' అన్న సామెత వాడికి కంఠతా వచ్చు. 'నిదానమే ప్రధానం' అన్నది మాత్రం ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరిగేది కాదు.

వాడి పక్కన కూర్చునేది సూదమ్మ అనే ముళ్ళపంది పిల్ల. రాలిన తన ముళ్ళతోనే సన్నని గీతలు గీసేది. ఇద్దరికీ మంచి స్నేహం.

మొదట పంతులమ్మ ఆకుల అచ్చులు నేర్పింది. ఆకుకు మోదుగపూల రంగు పూసి, తెల్లని గుడ్డ మీద అద్ది, రంగు ఆరేదాకా కదపకూడదు. తుర్రయ్య ఆగలేదు. తడి మీదే ఆకు లాగేశాడు. గుడ్డంతా మరకలైంది.

"పోనీలే నాయనా, ఇంకోసారి చూసుకో" అంది పంతులమ్మ.

"పోతే నాదే పోయింది కదండీ, ఎవరికేం నష్టం!" అన్నాడు తుర్రయ్య.

తరువాత ఈతాకుల చాపలు. ఆకుల్ని నానబెట్టి, మెత్తబడ్డాకే అల్లాలి. తుర్రయ్య ఎండు ఆకులతోనే మొదలుపెట్టాడు. మడిచిన చోటల్లా ఆకు పుటుక్కున విరిగింది.

"పోనీలే" అంది పంతులమ్మ మళ్ళీ.

"నాదే కదండీ" అన్నాడు తుర్రయ్య మళ్ళీ.

కానీ పిల్లల పనులు చూడడానికి అమ్మానాన్నలు వచ్చిన రోజున, తల్లి ముంగిస అన్నిటినీ మెచ్చుకుంటూ వచ్చి, తన కొడుకు చాప దగ్గర ఆగింది. ఏమీ అనలేదు. తల వంచుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే మరిచిపోయేవాడేమో, ఆ మౌనం మాత్రం తుర్రయ్యకు గుచ్చుకుంది. ఈసారి అందరికంటే పెద్ద బొమ్మ చేసి అమ్మకు చూపించాలనుకున్నాడు.

మూడోసారి మట్టి బొమ్మల వంతు వచ్చింది.

"బొమ్మ లోపల గుల్లగా ఉండాలి. నీడలో బాగా ఆరాలి. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే" అని చెప్పింది పంతులమ్మ. "పచ్చి బొమ్మ నిప్పులో ఊరుకోదర్రా. లోపలి నీరు ఆవిరై, దారి లేక, బొమ్మను బద్దలు కొట్టుకుని వస్తుంది. పక్కవాటినీ పగలగొడుతుంది."

సూదమ్మ తన అవ్వ ముఖం చేయసాగింది. అవ్వ పోయిన ఏడు వానాకాలంలో కన్నుమూసింది. తాతకు చూపు లేదు. సూదమ్మ రోజూ సాయంత్రం తడిగుడ్డ చుట్టి ఆ ముఖాన్ని ఇంటికి మోసుకుపోయేది. తాత వేళ్ళతో తడిమి చెప్పేవాడు.

"ముక్కు ఇంకాస్త చప్పిడిగా ఉండేదే తల్లీ. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న మడత పడేది. ఊఁ, అక్కడే."

ఒక సాయంత్రం తాత తడిమి తడిమి, ఎడమ బుగ్గ మడత మీద వేలు ఆపాడు.

"ఇది మీ అవ్వే" అన్నాడు చివరికి. "కాల్చాక నా దగ్గరే పెట్టమ్మా. నాకూ రానురాను గుర్తు మాసిపోతోంది."

మరి తుర్రయ్య? ఆటల్లో పడ్డాడు. ఆవం పేర్చే ముందురోజు సాయంత్రం గబగబా ఏనుగు చేశాడు. పొట్ట నిండా మట్టే. చూడ్డానికి మాత్రం దర్జాగా ఉంది.

తెల్లవారి ఆవం పేరుస్తూ, పంతులమ్మ దాన్ని చేత్తో పట్టుకుని చూసి, "ఇది పచ్చిగా ఉంది నాయనా. వచ్చే ఆవంలో కాలుద్దాం" అంది.

"రేపు ఆవం విప్పేటప్పుడు మా అమ్మ వస్తుందండీ!"

"వస్తే నేను చెబుతాలే" అని, ఆవం మీద మెత్తే బురదకు నీళ్ళు తేవడానికి వాగుకు వెళ్ళింది.

తుర్రయ్య ఏనుగును చెంపకు ఆనించాడు. వాగులో రాయంత చల్లగా తగిలింది. 'పొద్దుటి చలి అయ్యుంటుందిలే' అని తనకు తానే చెప్పుకున్నాడు. అది అబద్ధమని వాడికి తెలుసు. పిడకలు జరిపి, బొమ్మల నడుమ, సరిగ్గా అవ్వ ముఖం పక్కనే ఏనుగును దాచాడు. పంతులమ్మ తిరిగివచ్చి బురద మెత్తి నిప్పు పెట్టింది.

మధ్యాహ్నానికి ఆవంలో ఢామ్మని చప్పుడైంది. పంతులమ్మ ముఖం పాలిపోయింది. ఆ వెంటనే మరికొన్ని చప్పుళ్ళు.

మర్నాడు అమ్మానాన్నలందరి ముందూ ఆవం విప్పారు. పెంకులు! దుప్పి పిల్ల చేసిన గిన్నె లేదు, నెమలి పిల్ల చేసిన దీపం లేదు. సూదమ్మకు ఒక చెవి, ఒక కన్ను దొరికాయి. ఎడమ బుగ్గ పొడి పొడి అయిపోయింది.

"మంట నేనే ఎక్కువ చేశానేమో. తప్పు నాదేనమ్మా" అని పంతులమ్మ అందరికీ చేతులు జోడించింది. తరువాత తల్లి ముంగిస వైపు తిరిగి, "మీవాడు ఈసారి ఆగాడమ్మా. బొమ్మ ఆరలేదంటే ఆగాడు" అంది.

తల్లి ముంగిస కళ్ళు మెరిశాయి. అందరిలోనూ కొడుకు తల నిమిరింది.

ఆ చేయి తల మీద పడగానే తుర్రయ్య తట్టుకోలేకపోయాడు.

"ఆగలేదమ్మా! ఏనుగును నేనే లోపల పెట్టాను. చల్లగా ఉందని తెలిసే పెట్టాను. పంతులమ్మగారి తప్పేం లేదు" అని భోరుమన్నాడు.

ఎవరూ కసురుకోలేదు. పంతులమ్మ వాడి పక్కన చతికిలబడింది.

"నిజం చెప్పావు, అంతవరకు మంచిదే. మొదటిసారే 'పోనీలే' అనకుండా, నిన్ను కూర్చోబెట్టి మళ్ళీ చేయించాల్సిందిరా నేను" అంది.

సూదమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఇంకొన్నాళ్ళు ఆగితే ఏమయ్యేది తుర్రయ్యా?"

వాడు వంగి ఆమె ముందున్న పెంకులు ఏరసాగాడు.

అప్పటినుంచీ తుర్రయ్య రోజూ మట్టి మోసుకుని సూదమ్మ ఇంటికి వెళ్ళాడు. రాళ్ళు ఏరి, నీళ్ళు చిలకరించి, ఓపికగా తొక్కాడు. సూదమ్మ అవ్వ ముఖం మళ్ళీ చేసింది. తాత తడిమి, "కాదు తల్లీ" అన్నాడు. చెరిపి మళ్ళీ చేసింది. "ఊహూఁ, కాదు" అన్నాడు. మూడోసారి ముఖం చాలా అందంగా వచ్చింది. తాత వేళ్ళు ముక్కు మీద, బుగ్గల మీద, నుదుటి మీద తిరిగాయి.

"బాగుందమ్మా. ఎవరో మంచి మనిషి" అన్నాడు. "మీ అవ్వ మాత్రం కాదు. ఎక్కడ తేడానో చెబుదామంటే, నాకూ ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు."

సూదమ్మ మళ్ళీ చేస్తాననలేదు. తుర్రయ్య మట్టి చేతులతోనే ముఖం కప్పుకుని, ఆ గుమ్మంలోనే చాలాసేపు ఏడ్చాడు. తాత వాడి వీపు నిమిరాడు గానీ, ఏడవకురా అని చెప్పడానికి ఆయనకూ నోరు రాలేదు.

చూశారా పిల్లలూ, నిజం ఎప్పుడు చెప్పినా మంచిదే. కానీ నలుగురి బొమ్మలూ కాలే ఆవంలో మన తొందరను దాచిపెడితే, ఆ తరువాత ఎంత నిజం చెప్పినా పగిలింది అతకదు.