చింతాలప్ప చెయ్యి

అనగనగా. ఎంత అనగనగా అంటే, సముద్రం ఊరికి ఇంత దగ్గరగా జరగని రోజులు. అప్పుడొక ఉప్పుటేరు. ఏటి ఒడ్డున గంగడపాలెం అని ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అప్ప, ఒక తమ్ముడు. అప్ప పేరు చింతాలు. తమ్ముడి పేరు గురువులు.

గురువులు వల వేసేవాడు. చింతాలు వల అల్లేది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది చింతాలే. మనిషి బక్కపలచనే గానీ చేతులు మాత్రం ఇంతింత. దేవుడు ఆమెని చేస్తున్నప్పుడు చివర్లో మట్టి మిగిలిపోయిందనీ, పారేయడం ఎందుకని చేతులకే మెత్తేశాడనీ పల్లెలో చెప్పుకునేవారు. గురువులికి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అదే వేళాకోళం.

"అయ్యి సేతులా, సేటలా అప్పా?"

"సేటలేరా. నిన్ను సెరగడానికే ఉన్నాయి."

ఆ మాట అన్నాక ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాతే అన్నం.

ఆ ఏటికి ఒక గుణం ఉంది. సముద్రపు చేపలు పిల్లల్ని పెట్టడానికి ఏట్లోకి వచ్చేవి. పిల్లలు ఏట్లో పెరిగి పెద్దవై మళ్ళీ సముద్రంలోకి పోయేవి. ఆ చేపల కోసం గూడబాతులు వచ్చేవి, నీటికుక్కలు వచ్చేవి. అందరూ తిన్నా ఏరు తరిగేది కాదు.

తరగడం ఎప్పుడు మొదలైందంటే, వల కన్ను చిన్నదైనప్పుడు. ఒకడు వచ్చి, పక్కవాడి వలకంటే పిసరు సన్నంగా అల్లమన్నాడు. ఆ పక్కవాడొచ్చి, వాడికంటే ఇంకో పిసరు సన్నంగా అన్నాడు. చింతాలు అల్లింది. అల్లగా అల్లగా, తమ్ముడికి ఒక వల అల్లిపెట్టింది. ఆ వలలోంచి నీళ్ళు కూడా అడిగి పోవాలి అనేవారు. గురువులు ఆ వల వేస్తే ఆవగింజంత పిల్ల కూడా తప్పించుకునేది కాదు. తినడానికి పనికిరాని ఆ పిల్లల్ని ఇసకలో ఎండేసి కొబ్బరిమొక్కలకి వేసేవారు.

ఒక ఏడు పండుగప్ప చేప రాలేదు. మరో ఏడు రొయ్య రాలేదు. ఇంకో ఏడు గూడబాతులే రాలేదు.

గూడబాతులు ఏటా కోట మీదుగా పోయేవి. పోకపోయేసరికి రాజుకి బెంగ పట్టుకుంది. ఏమైందో చూసి రమ్మని మనుషుల్ని పంపితే, ఏట్లో చేప లేదు, అందుకే పిట్ట లేదు అని తెలిసింది.

రాజు మొదటి ఆజ్ఞ వేశాడు. ఏట్లో ఎవరూ వల వేయకూడదు అన్నాడు. కాపలా పెట్టాడు. పల్లె పస్తులు పడింది. కొందరు మూట కట్టుకుని పోయారు. మిగిలినవాళ్ళు దొంగతనంగా పట్టారు. అందులో సగం కాపలావాళ్ళే కూర వండుకున్నారు. ఆ ఆజ్ఞ అలా పోయింది.

రాజు రెండో ఆజ్ఞ వేశాడు. వల వేసుకోండి, కానీ కన్నులో మూడు వేళ్ళు దూరాలి అన్నాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. మూడూ పక్కపక్కన పెట్టి మొదలంటా దూరితే మంచి వల. లేకపోతే తగలేసే వల.

బాగానే ఉంది. మరి ఎవరి వేళ్ళు? రాజు అది చెప్పలేదు. పల్లెవాళ్ళు అడగలేదు. ఎవరింట్లో సన్నటి వేళ్ళు ఉంటే వాళ్ళనే రేవుకి పంపారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడు పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు అడగలేదు, పని అడగలేదు. వేళ్ళు చూపించమన్నారు. గురువులు కూడా కొడుక్కి అలాగే చేశాడు. సన్నాసమ్మ అని, వేళ్ళు చీపురుపుల్లల్లాంటి పిల్లని వెతికి మరీ కోడలిగా తెచ్చుకున్నాడు.

ఆ ఆజ్ఞ కూడా అలా పోయింది.

రాజు ఈసారి ఒక ముసలి ఉద్యోగిని పంపాడు. ఆయన నెమ్మదైన మనిషి. రేవులో అందరినీ కూర్చోబెట్టి, కొలతకి ఒక్క చెయ్యే ఉండాలన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో పల్లే తేల్చుకోమన్నాడు. తేలాక రాజైనా మార్చడానికి లేదన్నాడు.

పల్లె ముందే మాట్లాడుకుని ఉంది. సన్నాసమ్మని ముందుకి తోశారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ చెయ్యి చాపింది. గురువులు మీసం దువ్వుకున్నాడు. తన వల ఇక తనదే.

అప్పుడు వలల గుట్ట వెనకనుంచి చింతాలు లేచింది. ఒళ్ళోని దారం దులుపుకుని వచ్చి, సన్నాసమ్మ చేతి పక్కన తన చెయ్యి పెట్టింది.

"ఈ గుంట సేతి ఏళ్ళు ఇయ్యాల ఇలగున్నాయి. రేపు ఇద్దరు పిల్లల్ని కంటే ఇలగే ఉంటాయేటి బాబూ? కొలత లావైపోదా? నాయి సూడండి. ఇంక లావవ్వవు, సన్నమవ్వవు."

జనం నవ్వారు. ఉద్యోగి కూడా నవ్వాడు. గురువులు నవ్వలేదు.

చింతాలు తమ్ముడి వైపు తిరిగింది.

"నీ వల నేనే అల్లినాను రా. ఎండేసిన సేపపిల్లల్ని కూడా నేనే ఏరినాను. కళ్ళు తప్ప ఇంకేటీ లేవు వాటికి. ఆ కళ్ళే నన్ను సూస్తన్నాయి."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని ఉద్యోగి అన్నాడు. కొలత అలా తేలింది. ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కోటలో రాజులు మారారు, వాళ్ళ మనుషులూ రాలేదు.

గురువులు ఇంటికెళ్ళి సన్నవల చుట్టి అటక మీద పెట్టాడు. అప్పతో మాటలు మానేశాడు. పల్లెవాళ్ళతో మాత్రం అనేవాడు, అప్ప ఉన్నన్నాళ్ళే ఆ కొలత, అప్ప పోయిన్నాడు ఈ వల దించుతాను అని. అది అందరికీ నచ్చిన మాట.

చింతాలు ఏం చేసేదంటే, రోజూ తెల్లారేసరికి రేవులో కూర్చునేది. వచ్చిన ప్రతి వలలోనూ మూడు వేళ్ళు పెట్టేది. దూరితే వీపు తట్టి పంపేది. దూరకపోతే తిట్టేది కాదు. వల ఒళ్ళోకి లాక్కుని ముడులు విప్పి మళ్ళీ అల్లేది. పెద్ద కన్నుకి పని తక్కువ. పని తక్కువైతే కూలి గింజలూ తక్కువే. గంజి తాగి అల్లేది.

గురువులు కూడా వల పట్టుకెళ్ళి ముందర పడేసి, మొహం ఏటివైపు తిప్పుకునేవాడు. ఆమె వేళ్ళు పెట్టి చూసేది. చూస్తూ తానే అనేది.

"ఇయ్యి సేతులా, సేటలా?"

"సేటలే," అని తానే చెప్పుకుని వల అతని భుజం మీద వేసేది.

ఒక ఏడు రొయ్య వచ్చింది. మరో ఏడు పండుగప్ప వచ్చింది. ఇంకో ఏడు, పొద్దున్నే వల మోసుకెళ్తూ గురువులు తలెత్తితే, ఆకాశం నిండా గూడబాతులు. రేవులో అప్ప కూడా తలెత్తి చూస్తోంది. ఏదో అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. రేపు అందాం అనుకున్నాడు.

అలా రేపూ రేపూ అనుకుంటూ ఉండగానే, ఒక తెల్లవారుజామున చింతాలు పోయింది. ఒళ్ళో సగం అల్లిన వల ఉంది.

పల్లె ఏడ్చింది. ఏడుపు తగ్గాక కుర్రాళ్ళు నలుగురు గురువులు దగ్గరికొచ్చారు. ఒకడు అటక వైపు చెయ్యి చూపించాడు.

"మావా, సెయ్యి పోయింది. కొలతా పోయినట్టే గదా. అటక మీంచి దించు మరి."

గురువులు అటకెక్కాడు. సన్నవల దించాడు. చాప మీద పరిచి ఒక్కో ముడీ తడిమాడు. అన్నీ అప్ప ముడులే. తనకోసం కళ్ళు పాడుచేసుకుని వేసినవి. అప్పుడు సన్నాసమ్మని పిలిచి, గోడలకని దాచిన గుల్లసున్నం బస్తా తెమ్మన్నాడు. కుర్రాళ్ళని ఏటికి పంపి బంకమన్ను తెమ్మన్నాడు. ఎందుకో వాళ్ళకి తెలియలేదు. తెచ్చారు.

గురువులు అప్ప మూడు వేళ్ళూ పక్కపక్కన చాపి, చేతికి మన్ను మెత్తాడు. అది గట్టిపడేదాకా పక్కనే కూర్చున్నాడు. శవాన్ని లేపాలని పెద్దలు తొందరపెట్టినా కదల్లేదు. గట్టిపడ్డాక రెండు చెక్కలుగా విప్పి మళ్ళీ కలిపి కట్టాడు. లోపల అప్ప చెయ్యంత ఖాళీ మిగిలింది. సన్నవల మడతలు పెట్టి గంపకి బిగించి, సున్నం దాంట్లో జల్లించాడు. ఆవగింజంత రాయి కూడా దిగలేదు. ఆ వల చేసిన ఆఖరి పని అదే. బెల్లంనీళ్ళతో సున్నం కలిపి ఆ ఖాళీలో పోశాడు.

అప్పుడు అప్ప చెవి దగ్గర వంగాడు.

"అయ్యి సేతులా, సేటలా అప్పా?"

జవాబు చెప్పేవాళ్ళు లేరు. గురువులు తానే చెప్పుకున్నాడు. చెప్పుకుని అప్పుడు ఏడ్చాడు.

సున్నం ఎండాక పైమన్ను విప్పి, ఆ చేతిని రేవులో రాతి దిమ్మ మీద నిలబెట్టారు. మూడు వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. మొదటి వల గురువులే తెచ్చాడు. కన్ను వేళ్ళకి తొడిగితే మొదలంటా దిగింది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ వలలు తెచ్చి వెనకాల నిలబడ్డారు.

ఆజ్ఞ వేసిన రాజు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. చింతాలప్ప పేరు తెలియని పిల్లలు ఆ పల్లెలో లేరు. ఇప్పటికీ కొత్త వల అల్లితే ముందు అప్ప వేళ్ళకి తొడగాలి. తొడిగేవాడు "సేతులా, సేటలా?" అంటాడు. వెనకాలున్నవాళ్ళు "సేటలే" అంటారు. దిగితేనే పడవ కదులుతుంది. కొత్త కోడలు వస్తే ముందు వేళ్ళు చూసి నవ్వుతారు, తర్వాతే బొట్టు పెడతారు.

ఉప్పుగాలికి వేళ్ళు అరుగుతాయి కదా. గూడబాతులు వచ్చిన వారంలో పల్లెంతా చేరి సున్నం పూస్తుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళు పూస్తారు. చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. అయినా పూసేవాడు ప్రతిసారీ ఒక పిసరు లావుగానే పూస్తాడు. సన్నగా పూసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

కథ ఏటి మొగ దాటి సముద్రంలోకి, మనం గట్టెక్కి ఇళ్ళల్లోకి.