ఎండిన చెరువులో ఫస్టు ర్యాంకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక చెరువు, చెరువు గట్టు మీద కొంగపిల్లల బడి. బడిలో పాఠం ఒక్కటే, చేపలు పట్టడం. ఒంటికాలి మీద కదలకుండా నిలబడాలి, చేప రాగానే పొడవాలి. ధవళయ్య అనే ముసలి కొంగ అక్కడ మాస్టారు.

పాఠం మంచిదే. చెరువులోనే నీళ్లు తగ్గిపోతున్నాయి. మొదటి ఏడు మోకాలి లోతు మిగిలింది. రెండో ఏడు బురద మిగిలింది. మూడో ఏడు నేల నెర్రెలు విచ్చింది. పింజ అనే కొంగపిల్ల తల్లి ఏటా మాస్టారి దగ్గరికి వెళ్లి, అడవిదున్నల మంద వెనక గడ్డిలోంచి లేచే మిడతలు పట్టడం కూడా నేర్పమని బతిమాలింది. ఏటా ఆయన ఒకటే మాట చెప్పాడు. చేపల పరీక్షే పరీక్షట, దున్నల వెనక తిరగడం చదువురాని కొంగల పనట. మరి నీళ్లు లేకుండా పరీక్ష ఎలా పెట్టారనుకున్నారు? చేపను ఎలా పొడవాలో నోటితో అప్పజెప్పమన్నారు. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది పిల్లలూ.

పింజ తప్పు లేకుండా అప్పజెప్పింది. ఫస్టు వచ్చింది. మాస్టారు దాని మెడలో చేప పొలుసుల దండ వేసి, ఇక నీ తిండి నువ్వే సంపాదించుకోగలవని దీవించి పంపాడు.

పింజ తిన్నగా చెరువులోకి దిగింది. నెర్రెల మధ్య ఒంటికాలి మీద మూడు రోజులు నిలబడింది. మూడో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. తల్లి వచ్చి లేపి, పద, మిడతలు తిందువుగాని అంది.

"అది మా పరీక్షలో లేదమ్మా. నాకు రాదు" అని పింజ ఏడ్చింది.

తల్లి దాన్ని మెల్లగా నడిపించుకుంటూ దున్నల మంద దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ మంద వెనకే గడ్డిలో గెంతుతూ, చకచకా మిడతలు మింగుతున్నాడు ధవళయ్య మాస్టారు.

"ఎన్నాళ్ల నుంచి తింటున్నారు మాస్టారూ?" అని అడిగింది పింజ.

ఆయన తల దించుకున్నాడు. "చెరువు తగ్గినప్పటి నుంచీ" అన్నాడు. "నా పొట్ట నిండాలిగా. బడిలో మాత్రం ఉన్న పాఠమే చెప్పాలి."

పింజ తన దండ తీసి ఆయన మెడలో వేసింది. "ఇది మీకే రావాలి మాస్టారూ. మా బడిలో బతకడం నేర్చుకున్నది మీరొక్కరే" అంది.

సాయంత్రం దాకా దున్నల వెనక పరుగెత్తితే దానికి ఒక్క మిడత దొరికింది. మర్నాడు అది గట్టు మీదికి వెళ్లి, తక్కిన పిల్లలందరినీ మంద దగ్గరికి పిలుచుకొచ్చింది.

నీతి: చెరువు ఎండిందని తెలిసి కూడా పిల్లలకు చేపల పాఠమే చెప్పేవాడు గురువు కాడు. పిల్లలు రేపు ఎక్కడ బతకాలో చూసి, అప్పుడు పాఠం చెప్పాలి.