మందారం ఇరవై ఒక్క కృతజ్ఞతలు

ఊరి పొలిమేర దాటితే కంది చేను, దాని పక్కన ఒక పశువుల పాక, పాకకి నూరు అడుగుల దూరంలో ఒక బురదగుంట. మన కథ జరిగిన చోటు ఇంతే, ఇంతకంటే పెద్దది దీనికి అక్కర్లేదు. ఆ పాకలో మందారం అనే గేదె ఉండేది. నిగనిగలాడే నలుపు. మందారమని పేరు పెట్టినవాళ్ళు ఏం చూసి పెట్టారో వాళ్ళనే అడగాలి. పోయినేడు దానికి పుట్టిన దూడ మూడో రోజే పోయింది. నెల్లాళ్ళు మేత సరిగ్గా ముట్టలేదు పాపం. ఈ ఏడు మళ్ళీ ఈనింది. ఈ దూడకి ఇప్పుడు తొమ్మిది రోజులు. ఈ ఒక్కటీ బతికి బట్టకడితే మందారానికి ఇంకేమీ అక్కర్లేదు.

మధ్యాహ్నం కామందు భోజనానికి ఇంటికి వెళ్తూ మందారం పలుపు విప్పి వెళ్ళేవాడు. దూడ పాకలో గుంజకి కట్టి ఉండేది. మందారం వెళ్ళి గుంటలో పడుకునేది గానీ, ఒక కన్ను ఎప్పుడూ పాక వైపే ఉండేది. అప్పుడే పుల్లమ్మ వచ్చి వీపు మీద వాలేది. పుల్లమ్మ గోరింక. గేదె చెవుల్లో తల దూర్చి పిడుదుల్ని ఒక్కొక్కటీ పీకి తినడం దాని పని, పని చేస్తున్నంతసేపూ తిట్టడం దాని అలవాటు. ఇంతింత చెవులు దేవుడు నీకెందుకిచ్చాడే, లోపల సంత పెట్టించడానికా అనేది. పామో నక్కో కంటపడితే మాత్రం చేను దద్దరిల్లేలా అరిచేది. మూడేళ్ళుగా ఇదే వరస. ఈ మూడేళ్ళలో మందారం దాన్ని ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. చెవి ఉంది కాబట్టి గోరింక కూడా ఉంటుందనుకునేది.

ఇలా ఉండగా శాంతయ్య దిగాడు. శాంతయ్య నక్క. ఇద్దరు బావమరదుల్ని కంది చేలో పడుకోబెట్టి, తను మాత్రం వచ్చి గుంట గట్టు మీద బుద్ధిగా కూర్చున్నాడు. పుల్లమ్మ చేను దద్దరిల్లేలా అరిచింది గానీ, పెద్దమనిషిలా కూర్చున్నవాడి మీద అరుపులేమిటని మందారమే కసిరింది. దూడ ఊసే ఎత్తలేదు, ఎత్తితే అనుమానం వస్తుందని తెలుసు. ముఖంలో కళ తప్పిందేమిటి తల్లీ అని పరామర్శించాడు. అంతే, మందారం పోయినేటి దూడ సంగతి, నిద్రపట్టని సంగతి, తవుడులో ఊక కలుస్తున్న సంగతి అన్నీ చెప్పుకుంది. ఎవరైనా ముఖం చూసి అడిగితే చాలు కదా మనకి.

శాంతయ్య అంతా విని నిట్టూర్చాడు.

“ఉన్నదాన్ని తలుచుకోవడం లేదమ్మా, అదీ నీ జబ్బు. రోజూ మధ్యాహ్నం కళ్ళు మూసుకో. నీకు జరిగిన మంచి ఇరవై ఒకటి తలుచుకుని ఒక్కోదానికీ మనసులో దణ్ణం పెట్టుకో. అన్నీ అయ్యేదాకా కన్ను తెరవకూడదు. తెరిస్తే మళ్ళీ మొదటికే.”

“దూడ అక్కడుంది గురువుగారూ. ఒక్క కన్ను తెరుచుకోవచ్చా?”

“సగం చూపుతో చేస్తే సగం ఫలమే. దూడ కోసం బెంగపడుతూ, దూడ ఉన్నందుకు సంతోషమని ఎలా చెప్తావు తల్లీ?”

మందారానికి ఇది చాలా లోతైన మాటలా వినిపించింది. అర్థం కాని మాటలన్నీ దానికి అలాగే వినిపించేవి.

మొదటి రోజు ఎండకి, నీటికి, బురదకి, తవుడుకి, గడ్డికి, గురువుగారికి దణ్ణాలు పెట్టుకునేసరికి ఆరయ్యాయి. ఏడోది తట్టలేదు. మళ్ళీ తవుడుకే పదిహేనుసార్లు పెట్టి ఎలాగో గట్టెక్కింది. మూడో రోజుకి చెయ్యి తిరిగింది. తన కొమ్ముల వంపుకి, తన నడకకి, తనకింత మంచి మనసు ఉన్నందుకు కూడా కృతజ్ఞతలు వచ్చి చేరాయి. అంతటితో ఊరుకుందా, పక్క గుంజకి కట్టి ఉన్న ముసలి ఎద్దు కర్రోడికి బోధ మొదలుపెట్టింది. నీ ముఖంలో కృతజ్ఞత కళే లేదంది.

“నీళ్ళు తాగి తొట్టి వంక ఓసారి చూస్తాను. చాలదా?” అన్నాడు కర్రోడు.

మందారం జాలిగా నవ్వింది. ఆ నవ్వు కొత్తగా వచ్చింది, గురువుగారి దగ్గర నేర్చుకున్నదే.

నాలుగో రోజు అసలు గొడవ వచ్చింది. మందారం కళ్ళు మూసుకుని పదకొండో దణ్ణంలో ఉండగా పుల్లమ్మ కుడిచెవిలో దూరి ఒక బలిసిన పిడుదుని పట్టింది. అది ఊడిరాకపోయేసరికి గట్టిగా లాగింది. మందారం తల విదిలించింది. కదలకే, సగంలో ఉందని అరిచింది పుల్లమ్మ. కృతజ్ఞతలో ఉన్నాను కనిపించడం లేదా, పోయి తర్వాత రమ్మని మందారం కసిరింది. ఇన్నిటికి చెప్తున్నావే, అందులో నేనెక్కడున్నానని అడిగింది గోరింక. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, దెప్పడానికి కాదు. మందారం వెతికింది. తవుడు ఉంది, నడక ఉంది, గోరింక లేదు. దొరికిపోయినవాళ్ళకి వచ్చే కోపమే దానికీ వచ్చింది. తోకతో ఒక్కటిచ్చింది. పుల్లమ్మ వెళ్ళి బురదలో పడింది.

రెక్కలు దులుపుకుని లేచి, ఎగిరిపోయి కర్రోడి వీపెక్కింది. తిట్టకుండా వెళ్ళడం దాని జన్మలో అదే మొదటిసారి. మందారం అది కూడా గమనించలేదు.

గట్టు మీద శాంతయ్యకి లోపల పండగైంది. అతనికి కావలసినవి రెండే రెండు, గేదె కన్ను మూసుకోవడం, గోరింక నోరు దూరం కావడం. పైకి మాత్రం, మంచి పనికి ఆటంకాలు వస్తాయి తల్లీ, దిగులుపడకు అన్నాడు.

ఇక పిడుదులకి అడ్డేముంది? ఐదు రోజుల్లో రెండు చెవులూ కిక్కిరిసిపోయాయి. మొదట దురద పెట్టింది, తర్వాత బరువెక్కింది, ఆ తర్వాత వినిపించడమే మానేసింది. మన మందారం ఏమనుకుందో తెలుసా? లోకం ఎంత ప్రశాంతంగా మారిందో అనుకుంది. గురువుగారి సాధన ఫలించిందని ఆ నిశ్శబ్దాన్ని కూడా జాబితాలో చేర్చుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం కామందు అలా వెళ్ళాడో లేదో, కంది చేను కదిలింది. శాంతయ్య, వెనకే బావమరదులు, తిన్నగా పాకలోకి వచ్చారు. ఒకడు దూడ తోక పట్టాడు, ఒకడు కాలు పట్టాడు. దూడ అంబా అని ఏడ్చింది. కర్రోడు పలుపు తెంపుకోవాలని గింజుకుని రంకెలు వేశాడు. పలుపు తెగలేదు. పుల్లమ్మకి మందారం మీద కోపం ఉంది, దూడ మీద లేదు. రివ్వున గుంట దగ్గరికి వెళ్ళి మందారం చెవి పక్కనే గొంతు చించుకుని అరిచింది.

మందారం కళ్ళు మూసుకుని చిరునవ్వుతో ఉంది. పదిహేడోది, ఇంత చక్కటి నిశ్శబ్దానికి నా కృతజ్ఞతలు అనుకుంటోంది.

ఇది ఇలా వినదని పుల్లమ్మకి తెలిసిపోయింది. మంచిగా చెప్తే వినదు, కోపమొస్తే మాత్రం లేస్తుంది. మూడేళ్ళు దాని వీపు మీద కూర్చున్నది ఊరికే కాదు. ముక్కు కొస మీద వాలి, మెత్తటి చోట చూసుకుని రక్తం వచ్చేలా పొడిచింది. మందారం కన్ను తెరిచింది. ఎదురుగా గోరింక. పద్దెనిమిదో దానికి వచ్చేసిన సాధన మొత్తం మంటగలిసింది. నిన్ను ఇవాళ తొక్కేస్తానే అంటూ బురద చిమ్ముకుంటూ లేచింది. పుల్లమ్మ అందీ అందనట్టు ఎగురుతూ నేరుగా పాకలోకి దూరింది. దాని వెంట మందారం కూడా దూరింది.

అక్కడ చూసింది. దూడ నేల మీద ఉంది, దాని తోక శాంతయ్య నోట్లో ఉంది. తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువసేపు పట్టదు. బావమరదులు చేలో పడి కనిపించకుండా పోయారు. గురువుగారు కొమ్ముల మీదుగా లేచి పేడగుంటలో తేలాడు.

“శాంతయ్యా, ఇవాళ దేనికి కృతజ్ఞతలు?” అని అడిగాడు కర్రోడు.

“ఇంకా మూడు కాళ్ళు పనిచేస్తున్నందుకు,” అని మూలుగుతూ కుంటుకుంటూ పోయాడు.

దూడ బతికింది. తోక మాత్రం జానెడు పోయింది. ఆ మొండి తోకని నాకుతూ మందారం చాలాసేపు ఏడ్చింది. తర్వాత కర్రోడి ముందుకు వచ్చి, వీపు మీదున్న పుల్లమ్మకి ఎదురుగా నిలబడి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఓ పుల్లమ్మా, నీ ముక్కుకి నా కృతజ్ఞతలు, నీ రెక్కలకి నా కృతజ్ఞతలు, నీ అరుపుకి...

“ఆపవే. ఆ చెవి ఇటు పెట్టు,” అంది పుల్లమ్మ.

వినిపిస్తేగా. మందారం ఏడో దానికి వెళ్ళిపోయింది. చివరికి కర్రోడు కొమ్ముతో దాని తలని కిందికి వంచాల్సి వచ్చింది. పుల్లమ్మ కుడిచెవిలో దూరి మొదటి పిడుదుని పట్టి లాగింది. ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. మందారం కళ్ళు తెరుచుకుని, పళ్ళు బిగించుకుని, తల విదిలించకుండా, తోక ఆడించకుండా అలాగే నిలబడింది. పదో పిడుదు ఊడాక మొదట వినిపించింది తిట్టు. ఈ చెవుల్లో సంత ఏంటే, తిరనాళ్ళు పెట్టావు కదే అంటోంది పుల్లమ్మ.

మేలు చేసేవాళ్ళని తోకతో కొట్టి మేలుని కళ్ళు మూసుకుని తలుచుకునేవాళ్ళకి గురువులు ఎప్పుడూ దొరుకుతారు, గోరింక మాత్రం ప్రతిసారీ తిరిగి రాదు.