తులాభారానికి వద్దన్న త్రాసు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కోటమ్మ. ఒక్క మాట కూడా కలపకుండా చెబుతున్నాను.

వెనకటికి ఒక కోటలో రాజుగారి అంగడి ఉండేది. ఊరంతా అక్కడే కొనుక్కోవాలి. దాని పెత్తందారు భూషయ్య. త్రాసు పక్కన ధాన్యం మూటలు దూలం దాకా పేర్పించాడు. అవి జనం మీదికి వాలి ఉండేవి.

"అయ్యా, మూటలు పడేలా ఉన్నాయి" అంటే, "పడవు. భయమైతే పస్తుండు" అని కసిరేవాడు. తను మాత్రం గుమ్మం దగ్గర దూరంగా కూర్చునేవాడు.

ఒకనాడు చేటలల్లే గవరమ్మ కోడలు నిండు నెలలతో అక్కడ నిలబడితే, ఒక మూట జారి ఆమె కాలి పక్కనే పడింది.

మర్నాడు గవరమ్మ నవ్వుతూ భూషయ్య దగ్గరికి వెళ్లింది. "బాబుగారూ, మీ మనవడికి బెల్లంతో తులాభారమట కదా! ఈ త్రాసులోనే తూచండి. మీ గొప్ప ఊరంతా చూస్తుంది."

భూషయ్య పొంగిపోయి సరేనన్నాడు.

తులాభారం రోజు జనం నిండారు. గవరమ్మ ఆ మనవణ్ణి ఎత్తుకుని త్రాసు వైపు రెండడుగులు వేసిందో లేదో, భూషయ్య కేక పెట్టాడు. "ఆగవే! అక్కడికొద్దు! మూటలు మీద పడతాయి!"

గవరమ్మ ఆగింది. "పడవన్నారుగా బాబూ? మా కోడలి కడుపులో ఉన్నదీ మనవడే కదా!"

భూషయ్య అప్పటికప్పుడు మూటలన్నీ దింపించాడు. చూస్తే, అడుగు మూటను ఎలుకలు కొరికేశాయి. జనం గుండెల మీద చేయి వేసుకున్నారు. తులాభారమయ్యాక గవరమ్మ కోడలు ఆ త్రాసు పక్కనే చతికిలబడి, పంచిన బెల్లం హాయిగా తిన్నది.

ఇప్పుడేమో కోటవీధి వాళ్లు మూటలు దింపించిన ఘనత భూషయ్యదే అంటున్నారట. మీలో ఎవరైనా అటు వెళితే, గవరమ్మ పేరు చెప్పి ఆ మాట సరిదిద్ది రండి.